పూరన్ సింగ్ వెంట: డెహ్రాడూన్ నుంచి అమృత్‌సర్ దాకా

సోమవారం, డెహ్రాడూన్

డెహ్రాడూన్‌కు వచ్చినవాళ్లందరూ అటవీ పరిశోధన సంస్థ భవనం ముందు నిలబడి ఫొటో దిగుతారు. మేమూ దిగాం. ఎర్ర ఇటుకల గోడలు, బారులు తీరిన స్తంభాలు, నడిచినకొద్దీ సాగే వరండాలు. 1929లో వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించిన కట్టడం ఇది. నేను ఎవరి కోసం ఇంత దూరం వచ్చానో ఆ మనిషి మాత్రం ఈ భవనంలో ఒక్క పూట కూడా పనిచేయలేదు. పంజాబీ కవి పూరన్ సింగ్ 1907లో ఈ సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా చేరి 1918లో వదిలేశారు. అప్పుడు సంస్థ ఊళ్లో, చాంద్‌బాగ్ అనే తోటలో ఉండేది. 1935 నుంచి ఆ తోటలో డూన్ స్కూల్ నడుస్తోంది. పిల్లలు చదువుకునే చోటికి దారిన పోయేవాళ్లను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. గేటు బయట నిలబడి లోపలి చెట్ల కొమ్మలను చూసి వచ్చేశాం.

నాకు ఈయన మొదట కవిగా తెలియదు. కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పే రోజుల్లో సుగంధ తైలాల మీద పాత నివేదికలు తిరగేస్తుంటే, నీలగిరుల యూకలిప్టస్ నూనె గురించి రాసిన పూరన్ సింగ్ అనే పేరు తగిలింది. అదే పూరన్ సింగ్ పంజాబీలో తొలిసారి ఛందస్సు కట్లు తెంచి కవిత్వం రాశాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకరేనని నమ్మడానికి కొంత సమయం పట్టింది.

ఆయన జీవితాన్ని వరసగా చెబితే ముగ్గురు నలుగురి జీవితాలు కలిపి చెప్పినట్టు ఉంటుంది. 1881లో అబోటాబాద్ దగ్గర సల్హద్ అనే పల్లెలో పుట్టారు. అది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, ఎప్పుడూ ఊళ్లు తిరిగే పని. ఇల్లు నడిపింది తల్లే. చుట్టూ పఠాన్ల పల్లెలు. పిల్లవాడు ఉర్దూ మసీదులో మౌల్వీ దగ్గర, పంజాబీ లిపి గురుముఖి గురుద్వారాలో నేర్చుకున్నాడు. రావల్పిండిలో చదువు, తర్వాత లాహోర్ కాలేజీ. 1900లో ఉపకార వేతనం మీద టోక్యోకు వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయన శాస్త్రం చదివారు. చదువుతూనే గుండు చేయించుకుని బౌద్ధ భిక్షువు అయ్యారు. భారత స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషులో పత్రిక నడిపారు. 1902లో స్వామి రామతీర్థ టోక్యోకు వచ్చినప్పుడు ఆయన మాట విని ఈసారి వేదాంతి అయ్యారు. లాహోర్‌లో గణితం చెప్పిన ఆ సన్యాసి మన తెలుగువాళ్లకూ కొత్తవాడేమీ కాదు. 1903లో స్వదేశానికి తిరిగి వచ్చిన కొడుకు కాషాయంలో ఉంటే తల్లి పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. మరుసటి ఏడు మాయాదేవితో పెళ్లయింది.

ఉద్యోగాలదీ ఇదే దారి. లాహోర్‌లో తైలాలు తీసే బట్టీలు పెట్టి, భాగస్వాములతో తగవు పడి, కట్టినవాటిని తానే కూలగొట్టించారట. ఒక సాంకేతిక విద్యాసంస్థకు ప్రిన్సిపల్‌గా ఉండి రాజీనామా చేశారు. ఈ డెహ్రాడూన్ పక్కనే డోయివాలాలో సబ్బుల కార్ఖానా పెట్టి అమ్మేశారు. ఆ తర్వాతే చాంద్‌బాగ్ ఉద్యోగం. పదకొండేళ్లు ఒకేచోట నిలవడం ఆయన జీవితంలో పెద్ద విశేషం.

సాయంత్రం అక్క అడిగింది: "ఇంతకీ మనం చూడాల్సింది ఏదీ మిగల్లేదు కదే? ఈ భవనం ఆయనది కాదు, ఆ తోట మనకు దొరకదు."

"గాలి మిగిలింది కదా" అన్నాను. అక్క నన్ను ఎగాదిగా చూసి టీ తెప్పించింది.

మంగళవారం, డెహ్రాడూన్

పొద్దున గురు రామ్‌రాయ్ దర్బారుకు వెళ్లాం. పాత బజారు మధ్యలో, మొగలుల కాలపు సమాధి మందిరాల్లా గుమ్మటాలు, మీనార్లు. గోడల నిండా చిత్రాలు. పూలతీగలు, దేవతలు, ప్రేమికులు, సాధువులు, అన్నీ ఒకే గోడ మీద ఇరుగుపొరుగుల్లా సర్దుకుని ఉన్నారు. ఈ ఊరు పుట్టిందే రామ్‌రాయ్ ఇక్కడ డేరా వేయడంతో.

ఆయన ఇక్కడిదాకా రావలసిన కారణం కవిత్వానికి సంబంధించినది. సిక్కుల ఏడో గురువు హర్‌రాయ్ పెద్ద కొడుకు రామ్‌రాయ్. తండ్రి తరఫున ఔరంగజేబు కొలువుకు వెళ్లాడు. ముసల్మాను సమాధిలోని మన్ను కుమ్మరి చేతికి చిక్కి, కుండలుగా, ఇటుకలుగా మారి, ఆవంలో కాలుతూ ఏడుస్తుందని గురునానక్ ఒకచోట రాశారు. దాని అర్థం ఏమిటని పాదుషా నిలదీశాడు. రామ్‌రాయ్ ‘ముసల్మాను’ అన్న చోట ‘విశ్వాసం లేనివాడు’ అని మార్చి చదివి గండం గట్టెక్కాడు. సంగతి తెలిసి తండ్రి ఇక నా ముఖం చూడవద్దన్నాడు. గురు పీఠం చిన్న కొడుకు హర్‌కిషన్‌కు దక్కింది. ఒక పాదంలో ఒక్క పదం మార్చిన పాపానికి ఇంత శిక్ష. పద్యాలను ఇష్టం వచ్చినట్టు దిద్ది అచ్చు వేసుకున్న మన పండితుల్లో కొందరు అక్కడ పుట్టకపోవడం వాళ్ల అదృష్టం.

పూరన్ సింగ్‌కు ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ రెండు లోకాలు. పగలు ప్రయోగశాల. ఆకుల్లో, గడ్డిలో, చెక్కలో ఉండే నూనెను ఆవిరితో బయటికి తీయడం ఆయన పని. ఆ నూనెల్లో చాలావాటిని విడిగా మరిగించాలంటే నూరు డిగ్రీలు దాటి చాలా వేడి కావాలి. ఆ వేడికి వాసన చెడిపోతుంది. నీటి ఆవిరితో కలిపి పంపితే నూరుకు లోపలే లేచి వస్తాయి. చల్లార్చితే నీరు కిందికి, నూనె పైకి. మా విద్యార్థులకు చెప్పినప్పుడల్లా నాకు ఇష్టమైన పాఠం ఇది. ఇక రాత్రిళ్లు ఇంటి నిండా సాధువులు, విప్లవకారులు, కవులు. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎన్నాళ్లు ఉంటారో లెక్క ఉండేది కాదు. ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసిన మాయాదేవి గురించి పుస్తకాలు రెండు మూడు వాక్యాలతో సరిపెడతాయి.

1912లో సియాల్‌కోట్‌లో సిక్కు విద్యా మహాసభ జరిగింది. అక్కడ పూరన్ సింగ్‌కు భాయీ వీర్ సింగ్ తారసపడ్డారు. ఆయన అప్పటికే పంజాబీలో పేరున్న రచయిత, తొమ్మిదేళ్లు పెద్ద. బౌద్ధం, వేదాంతం తిరిగి వచ్చిన మనిషి ఆ కలయిక తర్వాత మళ్లీ సిక్కుగా మారారు, జుట్టు పెంచారు. ఏ వాదంలోనూ ఓడి మారలేదు. ఆయన రాసుకున్నది చదివితే మనిషి సాన్నిధ్యం, పాట, ఈ రెండే కనిపిస్తాయి. నాకు ఆసక్తి కలిగించింది అదే. అమృత్‌సర్ వెళ్లి ఆ పాటను చెవులారా వినాలనుకున్నది అందుకే.

రాత్రి అమృత్‌సర్ రైలు ఎక్కాం. బండి కదిలిన కాసేపటికి డోయివాలా స్టేషను వచ్చింది. కిటికీలోంచి చూస్తే దీపాలు, ఒక టీ బండి. సబ్బుల వాసనేమీ రాలేదని అక్క ప్రకటించింది.

బుధవారం, రైలు, అమృత్‌సర్

సత్లజ్‌ను చీకట్లో దాటేశాం. వంతెన చప్పుడు మాత్రం నిద్రలో విన్నాను. రైలు ఆలస్యం కావడం కలిసి వచ్చింది, బియాస్ నది మీదకు వచ్చేసరికి తెల్లవారింది. నవంబరు మంచులో నీళ్లు సన్నగా, ఇసుక మేటల మధ్య పాయలుగా ఉన్నాయి. మన గోదావరిని చూసిన కళ్లకు పెద్ద నదిలా అనిపించదు. పైబెర్తు నుంచి దిగిన ఒక పెద్దాయన మాత్రం కిటికీ దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు.

1923లో అచ్చయిన ‘ఖుల్లే మైదాన్’లో పంజాబు నదుల మీద పూరన్ సింగ్ కవిత ఉంది. రావి అందంగా పారుతోందని, సత్లజ్ అంటే ఇష్టమని, బియాస్ తనను లాగుతోందని, ఒక్కొక్క నదినీ ఇంటి ఆడపడుచులా పేరుపెట్టి పిలుస్తాడు. ఉపమానాలు పెద్దగా ఉండవు, వర్ణనలూ తక్కువే. పేరు పిలవడమే అందులో కవిత్వం. అది రాసేనాటికి ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఈ నదులకు దూరంగా గడిచింది. టోక్యో, డెహ్రాడూన్, ఆ తర్వాత గ్వాలియర్ సంస్థానంలో బీడు నేలల్లో యూకలిప్టస్, సుగంధపు గడ్డి పెంచే పని.

గది చూసుకుని, స్నానాలు చేసి, కుల్చా తిన్నాం. పైన కరకర, లోపల బంగాళాదుంప, వెన్న ధారాళంగా. అక్క ఒకటి తిని ఆపుదామనుకుంది కానీ ఆపలేదు.

మధ్యాహ్నం స్వర్ణ దేవాలయం హర్మందిర్ సాహిబ్‌లో, అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగరులో నేల మీద కూర్చున్నాం. రొట్టె వేసేటప్పుడు రెండు చేతులూ చాపి అందుకోవాలి. మేము ఒక చేయి చాపితే పక్కన కూర్చున్న పెద్దావిడ అచ్చ తెలుగులో "రెండు చేతులూ పట్టమ్మా" అంది. ఉలిక్కిపడ్డాం. వాళ్లది హైదరాబాద్ అత్తాపూర్ అట. 1832లో మహారాజా రంజిత్ సింగ్ నిజాం కొలువుకు పంపిన సైన్యంలో వాళ్ల పూర్వీకులు ఉన్నారు. ఇంట్లో పంజాబీ, వీధిలో ఉర్దూ, కూరగాయల దగ్గర తెలుగు. ఏటా సేవకు వస్తుందట. తిన్నాక వెల్లుల్లి ఒలిచే చోటికి తీసుకెళ్లి మమ్మల్నీ కూర్చోబెట్టింది. అక్కడ కెనడా నుంచి వచ్చిన అమ్మాయి, లూధియానా డాక్టరు, మేము. ఎవరి భాషలో వాళ్లం మాట్లాడుకుంటూ గోనె సంచి సగానికి తెచ్చాం. పూరన్ సింగ్ గురించి అడిగితే పెద్దావిడకు తెలియదు. "కవులు నాకెందుకమ్మా, గురువాణి ఉంది కదా" అంది.

గురువారం, దర్బార్ సాహిబ్ (హర్మందిర్ సాహిబ్)

చలి వణికిస్తుండగా, చీకటి ఉండగానే బయలుదేరాం. చన్నీళ్లలో కాళ్లు తడిపి పాలరాతి మీద అడుగు పెడితే ఎముకల్లోకి పోయింది. అయినా వంతెన మీద వరుస అప్పటికే నిండిపోయి ఉంది. లోపల ‘ఆసా దీ వార్’ పాడుతున్నారు. గురునానక్ రచన అది. రోజూ ఈ వేళకు పాడతారు. ముగ్గురు రాగీలు (కీర్తన గాయకులు), రెండు హార్మోనియంలు, తబలా. ఆ జట్టు పాడడం అయిపోతుంటే మరో జట్టు వచ్చి కూర్చుంటుంది. ఇలా రాత్రి తలుపులు మూసేదాకా పాట తెగదు.

అక్క నలభై ఏళ్లు కర్ణాటక సంగీతం నేర్పిన మనిషి. వరుసలో నిలబడే వేళ్ల మీద స్వరాలు లెక్కపెట్టింది. "ఎక్కేటప్పుడు స రి మ ప ద స. దిగేటప్పుడు ఏడూ ఉన్నాయి. అన్నీ శంకరాభరణం స్వరాలే. ఇది మన ఆరభి కదే!" అని నా మోచెయ్యి గిల్లింది. స్వరాలు ఆరభివే. నడక మాత్రం పూర్తిగా వేరు. త్యాగరాజు ఆరభిలో కృష్ణుణ్ణి ఎత్తిపొడుస్తూ గంతులు వేయిస్తాడు. ఇక్కడ ఆసా రాగం ఆలోచిస్తూ, ఒక మెట్టు మీద ఆగి, కిందికి చూసుకుని మళ్లీ ఎక్కుతుంది.

గురుగ్రంథ సాహిబ్ కూర్పు గురించి ఈ చోటే చెప్పాలి. 1604లో ఐదో గురువు అర్జున్ దీన్ని కూర్చారు. భాయీ గుర్‌దాస్ రాసిపెట్టారు. ఇప్పటి గ్రంథంలో ముప్ఫై ఒక్క ప్రధాన రాగాలున్నాయి, ప్రధాన భాగమంతా ఆ రాగాల క్రమంలోనే సాగుతుంది. గురువులతో పాటు కబీరు, నామ్‌దేవ్, రవిదాస్, షేక్ ఫరీద్ పదాలు కూడా ఆయా రాగాల కింద సర్ది ఉంటాయి. కులం, మతం, ప్రాంతం చూసి వేరు చేయకుండా రాగం చూసి కలిపారు. మనకు తాళ్లపాక రాగిరేకులు గుర్తుకు రాక తప్పదు. అక్కడా ప్రతి సంకీర్తన నెత్తిన రాగం పేరు చెక్కి ఉంటుంది. అన్నమయ్య 1503లో పోయారు, నానక్ 1469లో పుట్టారు. ఒకరి పాట ఒకరు వినే అవకాశం లేదు, అయినా ఒకే కాలంలో ఇద్దరూ రాగం పేరు పెట్టి పాట రాశారు. తేడా ఒక్కటే. మన రేకులు ఎన్నో తరాలు తిరుమల అరలో మూతపడి ఉన్నాయి. వీళ్ల పాట ఏ తరంలోనూ గొంతు వదల్లేదు.

ఇంకో పోలిక అక్క పట్టుకుంది. తెర మీద కనిపించే పద్యంలో ఒక పాదం తర్వాత ‘రహావు’ అని ఉంటే, రాగీలు చుట్టూ తిరిగి మళ్లీ ఆ పాదానికే వస్తున్నారు. అంటే పల్లవి. చరణాలు ఎంత దూరం పోయినా ఊపిరి తీసుకోవడానికి అక్కడికే చేరాలి.

నాకు అప్పుడు పూరన్ సింగ్ వచన కవిత అర్థమైంది. విమర్శకులు ఆయనను అమెరికన్ కవి విట్మన్ శిష్యుడు అంటారు. అది అబద్ధం కాదు. విట్మన్ అంటే ఆయనకు ప్రాణం. కానీ ఆ పొడుగు పాదాలు, మాట మీద మాట పేర్చుకుంటూ పోయి ఒక్కసారిగా మొదటి పలుకు దగ్గరికి తిరిగి రావడం, మధ్యలో ఊరికే పేరు పిలవడం, ఇదంతా ఇక్కడ రోజూ పొద్దున్నే జరుగుతున్నదే. ఛందస్సు వదిలేసిన కవి పాటను వదిలేయలేదు. లెక్కపెట్టే గణాలు పోయాయి, ఊపిరి మిగిలింది. మనకు పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’ వచ్చింది 1939లో. ఆయన పద్యాల నడ్డి విరగ్గొడతానని కత్తి దూసి వచ్చాడు. మన వచన కవితకు పుట్టుకతోనే ఆ పోట్లాట అంటుకుంది. అంతకు పదహారేళ్ల ముందే వచ్చిన పూరన్ సింగ్‌లో ఎవరి మీదా ఆ కోపం లేదు. ఇంట్లో ఉన్న పాటనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మన వచన కవిత అంత గట్టిగా పద్యాన్ని తిడుతూ మొదలుకాకుండా, సంకీర్తన పక్కన కూర్చుని మొదలై ఉంటే ఎలా ఉండేదో అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం. అక్క ఒప్పుకోలేదు. పాటకు రాగం ఉంటుంది, కవితకు ఉండదు, రెండూ కలపవద్దు అంది. వెలుగు వచ్చేదాకా పుష్కరిణి మెట్ల మీద ఇదే వాదన.

రామ్‌రాయ్ మార్చిన మన్ను పాదం కూడా ఈ వార్‌లోదే. ఆ చోటు వస్తుందేమోనని తెర వైపు చూస్తూనే ఉన్నాను. వచ్చింది. రాగీ ఏ తడబాటూ లేకుండా, నానక్ రాసిన మాటనే పాడాడు. పక్కన కళ్లు మూసుకున్న తాతగారు పెదవులతో అదే పలికాడు.

హార్మోనియం మీద ఇక్కడా గొడవ ఉంది. అది తెల్లవాళ్ల వాద్యమని, రబాబ్, దిల్‌రుబా, తావుస్ వంటి తీగ వాద్యాలే తిరిగి రావాలని ఒక వాదం. 2022లో సిక్కుల అత్యున్నత ధర్మపీఠం అకాల్ తఖ్త్ అధిపతి (జతేదారు) హార్మోనియాన్ని క్రమంగా తప్పించాలని కూడా అన్నారు. ఆకాశవాణి ఒకప్పుడు దాన్ని దశాబ్దాల పాటు దగ్గరికి రానివ్వని సంగతి మా తరానికి గుర్తే. గమకం పలకదని అక్కకూ దాని మీద కోపం. ఆ పొద్దున మాత్రం ఏమీ అనలేదు.

నిజానికి ఇక్కడ పోయింది వాద్యం ఒక్కటే కాదు. గురునానక్ వెంట తిరిగిన మర్దానా వంశ సంప్రదాయంలో వచ్చిన ముస్లిం రబాబీలు 1947 దాకా ఈ దర్బారులో కీర్తన పాడారు. విభజన రోజుల్లో సరిహద్దు దాటి లాహోర్ వైపు వెళ్లిపోయారు. గురువు పాట పాడడమే కులవృత్తిగా బతికినవాళ్లు, ఈ దర్బారుకు దూరమై ఎలా బతికారో తలచుకుంటే కష్టంగా ఉంటుంది.

శుక్రవారం, సుల్తాన్‌పూర్ లోధీ

కారులో సుమారు రెండు గంటలు. దారి పొడవునా గోధుమ విత్తుతున్న పొలాలు, కాలిన వరి దుబ్బుల వాసన, పొగ. కళ్లు మండాయి.

నానక్ ఇక్కడ దౌలత్ ఖాన్ లోధీ కొలువులో ధాన్యపు కొట్టు లెక్కలు చూశారు. ఆ కాలపు తూకపు రాళ్లని చెప్పేవాటిని గురుద్వారాలో పెట్టారు. ఊరి పక్కన కాళీ బేయీ అనే చిన్న ఏరు. స్నానానికి దిగిన నానక్ మూడు రోజులు కనిపించలేదని, పైకి వచ్చాక హిందువూ లేడు ముసల్మానూ లేడు అన్నారని కథ. తర్వాత మర్దానాను వెంట బెట్టుకుని ఊళ్లు పట్టారు. పుట్టుకతో ముస్లిం, గాయకుల కులం, చేతిలో రబాబ్. నానక్‌కు పలుకు వచ్చినప్పుడల్లా "మర్దానా, రబాబ్ అందుకో" అనేవారని ఆయన జీవిత కథలైన జన్మసాఖీలు చెబుతాయి. కవి ముందు వాద్యం మోగమంటాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. పఠాన్ల పల్లెల్లో పెరిగిన పూరన్ సింగ్‌కు రబాబ్ చప్పుడు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన పని లేదు.

ఈ ఏరు కొన్నేళ్ల కింద మురికి కాలువగా మారింది. 2000 నుంచి సంత్ బల్‌బీర్ సింగ్ సీచేవాల్ వాలంటీర్లతో పూడిక తీయించి, మురుగు మళ్లించి మళ్లీ నీరు పారించారు. గట్టు మీద రాయి పరిచిన మెట్లు, చెట్లు. నీళ్లు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి, కానీ కూర్చోగలిగాం. అక్క అన్నమయ్యది ఒక కీర్తన మెల్లగా పాడింది. పక్కన మోటారు పంపు చప్పుడు.

శనివారం, అమృత్‌సర్

అటారీకి పొద్దున్నే వెళ్లి వచ్చేశాం. సాయంత్రం జరిగే కవాతు కోసం అందరూ మధ్యాహ్నం నుంచి కూర్చుంటారు. కాళ్లు అంత ఎత్తుకు లేపి అరుచుకోవడం చూసే ఓపిక మా ఇద్దరికీ లేదు. నేను చూడాలనుకున్నది ఆ రోడ్డు. దాని మీద ఇంకో పాతిక కిలోమీటర్లు పోతే లాహోర్, బట్టీలు కూలగొట్టించిన ఊరు. ఇంకా పైకి పోతే సియాల్‌కోట్, రావల్పిండి, సల్హద్. చివరి రోజుల్లో సుగంధ తైలం తీసే రోషా గడ్డి వేసిన భూమి కూడా అటువైపే. మన రైతులు పామరోజా అంటారు దాన్ని. 1928 వరదలో ఆ పంటంతా కొట్టుకుపోయింది. రాతప్రతులు మాత్రం కాపాడుకున్నారు. తర్వాత క్షయ పట్టుకుంది. 1931 మార్చి 31న డెహ్రాడూన్‌లోనే పోయారు, యాభై ఏళ్లకు. ఆయన పంజాబులో ఎక్కువ భాగం ఇప్పుడు నా పాస్‌పోర్టుకు అందని చోట ఉంది.

లారెన్స్ రోడ్‌లో భాయీ వీర్ సింగ్ ఇల్లు ఉంది. పెద్ద తోట, పాత బంగళా, బల్ల, కుర్చీ, పుస్తకాల బీరువాలు. 1905లోనే ప్రాస లేని పాదాలతో దీర్ఘకావ్యం రాసిన మనిషి ఈయన. కాబట్టి శిష్యుడి తెగింపునకు ఇంటిదగ్గరే ఒక ఉదాహరణ ఉంది. పూరన్ సింగ్ ఇంగ్లీషు కవితలు 1921లో లండన్‌లో అచ్చయ్యాయి, ‘ది సిస్టర్స్ ఆఫ్ ది స్పిన్నింగ్ వీల్’ పేరుతో. రాట్నాల దగ్గర చేరి పాడుకునే పంజాబీ ఆడపిల్లలు ఆయనకు లండన్ దాకా తోడు వచ్చారు. వీర్ సింగ్ కవితలనూ ఆయన ఇంగ్లీషు చేశారు. ఇప్పటికీ ఈ తోట నుంచి రోజూ ఒక పూలగుత్తి హర్మందిర్ సాహిబ్‌కు వెళుతుంది. తోటమాలి రేపటి మొగ్గలు చూపించాడు. ఏ ఎరువు వేస్తారని అక్క ఆరా తీసింది.

చివరికి మాయీ సేవాన్ బజారులో పుస్తకాల దుకాణం. గుట్కాలు అనే చిన్న ప్రార్థన పుస్తకాలు, కడియాలు, కత్తుల మధ్య పుస్తకాల గుట్టలు. ‘ఖుల్లే మైదాన్’ అడిగితే యజమాని దుమ్ము దులుపుతూ, "భైన్‌జీ, గురుముఖి చదవగలరా?" అన్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటానని చెప్పాను. నదుల కవిత ఎక్కడుందో చూపించమన్నాను. పేజీ తిప్పి అతనే చదవడం మొదలుపెట్టాడు. కడియం బేరమాడుతున్న ఒకాయన అది విని, బడిలో కంఠస్థం చేశానంటూ పుస్తకం లేకుండా అందుకున్నాడు. రెండో పాదంలోనే తేడా వచ్చింది. చీనాబ్ ముందా, జీలం ముందా? పుస్తకం ఇలా ఉందని యజమాని, మా మాస్టారు అలా చెప్పారని ఆయన. పక్క దుకాణంవాడు కూడా వచ్చి ఒక పక్షం చేరాడు. ఒక్క మాట మారినా ఊరుకోని జనం వీళ్లు.

"ఇంకో ప్రతి ఉందా? నాకు కూడా ఒకటి కట్టండి" అంది అక్క, పర్సు తీస్తూ. కవితకు రాగం ఉండదన్న మనిషి.

"నీకు గురుముఖి ఒక్క అక్షరం రాదు కదక్కా."

"స్వరం రాసుకోవడానికి" అంది.